ఫోన్ వచ్చాక అమ్మ దగ్గరికి చేరడానికి ఎన్ని గంటలు?

ఈసారి ఉత్తరం సింగపూర్ నుంచి వచ్చింది. రాసినావిడకు 43 ఏళ్లు. పేరు వెయ్యొద్దన్నారు. చాలా ఏళ్లుగా అక్కడే స్థిరపడ్డారు, కుటుంబమంతా ఆ దేశ పౌరులే. తండ్రి పోయినప్పటి నుంచి తల్లి ఈవిడ దగ్గరే ఉంటున్నారు. ఆమెకు 71 ఏళ్లు. తమ్ముడు, మరదలు అదే నగరంలో అరగంట దూరంలో ఉంటారు. రెండేళ్ల కిందట తల్లికి గుండెపోటు వచ్చింది. స్టెంట్ వేశారు, కోలుకున్నారు, ఇప్పుడు తన పనులు తానే చేసుకుంటున్నారు.

ఇప్పుడు ఆఫీసులో ఈవిడను రెండేళ్లపాటు న్యూయార్క్ వెళ్లమంటున్నారు. పదేళ్లుగా ఎదురుచూసిన అవకాశం. భర్త, ఎనిమిదేళ్ల కొడుకు కూడా వెళ్లడానికి సిద్ధమే. జవాబు చెప్పడానికి ఆరు వారాలు గడువిచ్చారు. అందులో మూడు వారాలు అయిపోయాయి.

"రాత్రి అందరూ పడుకున్నాక ఫోన్‌లో ఆ రెండు ఊళ్ల మధ్య దూరం వెతకడం అలవాటైపోయింది" అని రాశారు. ఒకచోట 15,300 కిలోమీటర్లు అని ఉందట, ఇంకోచోట 16,700. ప్రయాణం ఒకచోట 17 గంటలు, ఒకచోట 19, మరోచోట 24. భర్త "పద్దెనిమిది గంటలేగా, ఎక్కి పడుకుంటే చేరిపోతాం" అంటున్నారు. తమ్ముడు "నువ్వు వెళ్తే ఇక అమ్మకు నేనొక్కడినే అనుకోవాలి" అన్నాడు. తల్లి మాత్రం వెళ్లమనే అంటున్నారు. కానీ ఓ రాత్రి మాత్ర వేసుకుంటూ, గ్లాసు చేతిలో పట్టుకునే, "ఇంతకీ ఎంత దూరమంటావు?" అని అడిగారట. ఈవిడ ఏదో చెప్పి గదిలోంచి వచ్చేశారు.

"ఏ లెక్క నమ్మాలి? అమ్మకు ఏదైనా అయితే నేను అందుకోగలనా? వెళ్లొచ్చా?" ఇవీ ఆవిడ అడిగినవి.

అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీరు మూడు ప్రశ్నలు అడిగారు గానీ, మిమ్మల్ని నిద్రపోనివ్వనిది మధ్యలోదే. ముందు లెక్కల సంగతి తేల్చేద్దాం. అది తేలితే మీ రాత్రుళ్లు కొంచెమైనా తేలికపడతాయి.

మీరు చూసినవాటిలో ఏదీ తప్పు కాదు. ఒక్కోటి ఒక్కో ప్రశ్నకు జవాబు, అంతే. ఇంట్లో మీ అబ్బాయి గ్లోబు ఉంటే తీసుకోండి. సింగపూర్ మీద దారం ఒక కొస పెట్టి, న్యూయార్క్ దాకా బిగించి లాగండి. దారం చైనా మీదుగా, రష్యా మీదుగా పైకి వెళ్లి, దాదాపు ఉత్తర ధ్రువాన్ని తాకుతూ అటువైపు దిగుతుంది. ఆ రెండు నగరాలూ భూమికి దాదాపు ఎదురెదురు రేఖాంశాల మీద ఉన్నాయి కాబట్టి అలా. ఆ దారం పొడవే 15,300 చిల్లర కిలోమీటర్లు. భూమ్మీద ఏ రెండు చోట్ల మధ్యనైనా ఉండగలిగే అత్యధిక దూరం సుమారు 20,000 కిలోమీటర్లు. అంటే అందులో మూడొంతుల పైనే. దూరం నిజంగా పెద్దదే, మీరు ఊహించుకుని భయపడటం లేదు.

ఇక 16,700 సంగతి. విమానం ఎప్పుడూ దారం వెంట వెళ్లదు. పది కిలోమీటర్ల ఎత్తున పడమర నుంచి తూర్పుకు జెట్ స్ట్రీమ్ అనే గాలి ప్రవాహం ఉంటుంది, చలికాలంలో మరీ బలంగా వీస్తుంది. దాన్ని వెనక పెట్టుకుంటే దారి పొడుగైనా గంటలు కలిసొస్తాయి. అందుకే సింగపూర్ నుంచి బయల్దేరే విమానం చాలాసార్లు పసిఫిక్ మీదుగా, అలాస్కా వైపు నుంచి వెళ్తుంది. తిరిగొచ్చేది ఎక్కువగా అట్లాంటిక్, యూరప్ మీదుగా వస్తుంది. పోయేటప్పుడూ తూర్పుకే, వచ్చేటప్పుడూ తూర్పుకే. కిలోమీటర్లు వెయ్యికి పైగా పెరిగినా ప్రయాణం తగ్గుతుంది. మీకు కావలసింది గంటలు కాబట్టి కిలోమీటర్లను ఇక్కడితో వదిలెయ్యండి. ఇక వాటికోసం వెతకొద్దు.

గంటల తేడా కూడా అలాంటిదే. 15,300ను గంటకు 900 వేగంతో భాగిస్తే 17 వస్తుంది, 800తో భాగిస్తే 19 వస్తుంది. ఆ పేజీలు చేసేది ఆ భాగాహారమే. విమానం వెనక్కి కదలడం, రన్‌వే కోసం ఆగడం, పైకెక్కడం, దిగాక గేటు దాకా రావడం అందులో ఉండవు. టైమ్‌టేబుల్లో ఉండేది గేటు నుంచి గేటుకు లెక్క. ఆగకుండా వెళ్లే సింగపూర్ ఎయిర్‌లైన్స్ విమానానికి అది పద్దెనిమిదిన్నర, పందొమ్మిది గంటల మధ్య ఉంటుంది. మీవారు చెప్పింది దాదాపు అదే. 24 అన్నది దారిలో ఒకచోట ఆగి వెళ్లే ప్రయాణం, ఉదాహరణకు ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా.

అయితే ఇవేవీ మీరు అడిగినదానికి జవాబులు కావు. ఫోన్ మోగిన క్షణం నుంచి అమ్మ మంచం పక్కన కూర్చునే క్షణం దాకా ఎంత? మీ లెక్క అది. దాన్ని ఎవరూ వేసి పెట్టరు, కాబట్టి మనమే వేద్దాం.

వేసవి అనుకోండి. మంగళవారం పొద్దున పదకొండింటికి న్యూయార్క్‌లో మీ ఫోన్ మోగింది. సింగపూర్‌లో అప్పుడు మంగళవారం రాత్రి పదకొండు. ఆగకుండా వెళ్లే విమానాలు సాధారణంగా రోజుకు రెండే, ఒకటి న్యూయార్క్ పక్కనే ఉన్న నెవార్క్ విమానాశ్రయం నుంచి పొద్దున, ఒకటి న్యూయార్క్‌లోని జేఎఫ్‌కే విమానాశ్రయం నుంచి రాత్రి. పొద్దుటిది వెళ్లిపోయింది. రాత్రి పదిన్నర దాకా ఆగాలి. ఎక్కాక పద్దెనిమిది గంటల నలభై నిమిషాలు వేసుకుంటే, సింగపూర్‌లో గురువారం తెల్లవారుజామున అయిదు దాటాక దిగుతారు. బయటపడి ఆస్పత్రికి చేరేసరికి ఆరున్నర. అంటే ముప్పై ఒకటిన్నర గంటలు. అదే ఫోన్ పొద్దున్నే ఆరింటికి వచ్చి, ఏడింటికల్లా మీరు ఇల్లు కదిలి, పదింటి విమానం అందుకుంటే మొత్తం 24 గంటల్లో చేరతారు. సీటు దొరకాలి కూడా. ఆ విమానంలో ఉన్నవి 161 సీట్లే. అంత దూరం ఇంధనం మోయాలి కాబట్టి బరువు తగ్గించుకున్నారు, ఎకానమీ క్లాసు అసలే లేదు. అది దొరక్కపోతే ఫ్రాంక్‌ఫర్టో టోక్యోనో దోహానో మీదుగా వెళ్లాలి, అప్పుడు ఒకటిన్నర రోజు పట్టొచ్చు.

కాబట్టి మీరు మనసులో పెట్టుకోవలసిన అంకె: ఒక రోజు నుంచి ఒకటిన్నర రోజు. 18 గంటలు అనుకుని వెళ్తే, మొదటిసారి అవసరం పడ్డప్పుడు మిమ్మల్ని మీరే మోసం చేసుకున్నట్టు అనిపిస్తుంది. ఒకటిన్నర రోజు అని తెలిసి వెళ్తే, దానికి తగ్గ ఏర్పాటు చేసుకునే వెళ్తారు.

ఇప్పుడు ఒక మాట నెమ్మదిగా చెబుతాను. అమ్మకు గుండెపోటు వచ్చిన రోజు మీరు ఎక్కడున్నారు? ఉత్తరంలో అదీ రాశారు, కానీ ఒక్క వాక్యంలో దాటేశారు. మీరు ఆఫీసులో ఉన్నారు. అక్కడి అంబులెన్స్ నంబరు 995కి ఫోన్ చేసింది పక్కింటావిడ. మీరు చేరేసరికి అమ్మను లోపలికి తీసుకెళ్లిపోయారు. గుండెపోటులో ప్రాణం నిలిపేది మొదటి గంటా రెండు గంటలు. ఆ గంటలో ఆదుకోవాల్సిన మనిషి పక్క గదిలోనో పక్కింట్లోనో ఉండాలి. పది కిలోమీటర్ల దూరంలో ఉన్న మీరు కూడా ఆ మనిషి కాలేకపోయారు. అది మీ తప్పు కాదు.

అంటే మీ భయంలో రెండు విడివిడి విషయాలు ముడిపడి ఉన్నాయి. ఒకటి, అమ్మ ప్రాణం కాపాడటం. రెండోది, అమ్మ దగ్గర ఉండటం. మొదటిదానికి న్యూయార్క్ దూరంతో సంబంధం చాలా తక్కువ. పగటిపూట ఇంట్లో అమ్మతో ఎవరుంటారు, నొప్పి వస్తే ఏం నొక్కాలి, తలుపు తాళం రెండో చెవి ఎవరి దగ్గరుంది, ఏ మాత్రలు వాడుతున్నారన్న కాగితం ఎక్కడుంది, వీటితోనే దాని సంబంధం. నిజం చెప్పాలంటే మీరు వెళ్లినా వెళ్లకపోయినా ఇవి ఈ నెలలోనే తేల్చుకోవలసినవి.

రెండోది వేరు. ఆపరేషన్ అయిన రెండో రోజు, మూడో రోజు పక్కన కూర్చోవడం, డాక్టరు చెప్పింది విని అమ్మకు అర్థమయ్యేలా చెప్పడం, ఊరికే చెయ్యి పట్టుకోవడం. దీనికి ఒకటిన్నర రోజు ఆలస్యంగానైనా మీరు అందుతారు. చాలాసార్లు అందుతారు. ఎప్పుడూ అందుతారని మాత్రం నేను మాట ఇవ్వలేను.

ఎందుకంటే నేను అందలేదు. మా నాన్నగారికి బాగోలేదని కబురొచ్చినప్పుడు నేను సముద్రాల అవతల ఉన్నాను. విమానంలో ఎదురుగా తెర మీద చిన్న విమానం బొమ్మ, దాని కింద మిగిలిన సమయం. తొమ్మిది గంటల పన్నెండు నిమిషాలు అని చూసి కళ్లు మూసుకున్నాను. చాలాసేపు పడుకున్నాననుకుని లేచి చూస్తే ఎనిమిది గంటల నలభై ఏడు. ఇరవై అయిదు నిమిషాలే గడిచాయి. ఇది మిమ్మల్ని భయపెట్టడానికి రాయడం లేదు. ఆ తర్వాత చాలా ఏళ్లకు నాకు అర్థమైందేమిటంటే, నన్ను బాధపెట్టింది ఆ ప్రయాణం కాదు. అంతకు ముందు ఏడాది మూడుసార్లు వెళ్దామనుకుని, వారం రోజుల సెలవు ఏం సరిపోతుందిలే అని మానేసిన వెళ్లడాలు.

అందుకే మీరు వెళ్లాలనుకుంటే ఎంత తరచుగా రాగలరన్నది ఇప్పుడే, సంతకం పెట్టకముందే మాట్లాడండి. ఇక్కడ శరీరం లెక్క కూడా ఒకటుంది. రెండు ఊళ్లకూ పన్నెండు గంటల తేడా. పగలు రాత్రి పూర్తిగా తారుమారు. సర్దుకోవడానికి ఒక్కో గంట తేడాకు ఒక రోజు చొప్పున పట్టొచ్చంటారు. అంత కాకపోయినా మొదటి నాలుగైదు రోజులు మధ్యాహ్నం మూడింటికి కళ్లు మూతలు పడతాయి, అర్ధరాత్రి మెలకువ వస్తుంది. వారం రోజులకు వస్తే అమ్మ పక్కన ఉన్నది నిద్రమత్తులో ఉన్న కూతురే. ఏడాదికి నాలుగుసార్లు వారం చొప్పున రావడం కన్నా రెండుసార్లు మూడేసి వారాలు రావడం మేలు. మీ కంపెనీకి సింగపూర్‌లో ఆఫీసు ఉందిగా. ఏడాదిలో ఆరు వారాలు అక్కడి నుంచి పని చేసుకుంటానని అడగండి. మిమ్మల్ని పంపాలన్నది వాళ్ల అవసరం కూడా. వెళ్లాక అడిగితే అది కోరిక అవుతుంది, ఇప్పుడు అడిగితే షరతు అవుతుంది.

ఆ పన్నెండు గంటల తేడాలో ఒక మేలు కూడా ఉంది. మీకు పొద్దున ఎనిమిదైతే అమ్మకు రాత్రి ఎనిమిది. ఇద్దరూ మేలుకునే ఉంటారు, రోజూ అదే టైముకు మాట్లాడుకోవచ్చు. అయితే నవంబరు మొదటి ఆదివారం అమెరికాలో గడియారం గంట వెనక్కి జరుగుతుంది, సింగపూర్‌లో జరగదు. అప్పటి నుంచి మార్చి రెండో ఆదివారం దాకా తేడా పదమూడు గంటలు. మీకు ఎనిమిదంటే అమ్మకు తొమ్మిది, నిద్రపోయే వేళ. ఆ నాలుగు నెలలూ మీరు ఏడింటికే ఫోన్ చేయాలి. చిన్న విషయమే, కానీ ఎదురుచూసే వాళ్లకు అది చిన్నది కాదు.

ఇక వెళ్లడమా, ఉండిపోవడమా అన్నది.

రెండేళ్లకూ ఒప్పుకుని, కుటుంబంతో వెళ్లడం ఒక దారి. అమ్మ తమ్ముడి ఇంటికి మారాలి, లేదా మీ ఇంట్లోనే ఉండి పగలు ఎవరైనా తోడుండాలి. ఈ దారిలో అసలు భారం మీ తమ్ముడి మీద పడుతుంది. ఆయన మాట మీకు కోపం తెప్పించింది గానీ, అందులో నాకు నింద కన్నా భయమే ఎక్కువ వినిపించింది. రాత్రి రెండింటికి అమ్మను ఎత్తుకుని పరిగెత్తేది తనే. ఆ ఒకటిన్నర రోజూ నిర్ణయాలు తీసుకునేదీ తనే. "నువ్వున్నావుగా" అని వదిలేయకుండా, మరదలిని కూడా కూర్చోబెట్టి, ఏది ఎవరి బాధ్యత, ఖర్చులో మీ భాగమెంత అన్నది మాట్లాడండి. సింగపూర్‌లో లాస్టింగ్ పవర్ ఆఫ్ అటార్నీ అని ఒక పత్రం ఉంది. అమ్మ తాను నిర్ణయం తీసుకోలేని స్థితిలో ఉంటే ఎవరు తీసుకోవాలో ఆరోగ్యంగా ఉన్నప్పుడే ఆమె రాసిపెట్టుకోవచ్చు. ఆ సంగతీ ఇప్పుడే చూడండి.

అమ్మను వెంట తీసుకెళ్లడం రెండో దారి. పూర్తిగా కుదరదు. మీ ఉద్యోగ వీసా మీద భర్త, కొడుకు వస్తారు గానీ తల్లి రాలేరు. సింగపూర్ పౌరురాలు కాబట్టి వీసా లేకుండా, ముందుగా ఆన్‌లైన్ అనుమతి తీసుకుని, ఒకసారికి 90 రోజుల దాకా వచ్చి ఉండొచ్చు. అంతకంటే ఎక్కువ ఉండాలంటే విజిటర్ వీసాకు వెళ్లాలి. స్టెంట్ ఉన్న మనిషిని పందొమ్మిది గంటలు కూర్చోబెట్టేముందు గుండె డాక్టరును అడగాల్సిందే. నాలుగు గంటలు దాటిన ప్రయాణాల్లో కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం రెట్టింపవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. మామూలు మనిషికి అది రెట్టింపైనా చిన్నదే. అమ్మ విషయంలో ఎంతో డాక్టరే చెప్పాలి. మాత్రల వేళలు కూడా ఆయన్నే అడగండి. ఇక్కడ పొద్దున ఎనిమిదికి వేసుకునేది అక్కడికి వెళ్లాక రాత్రి ఎనిమిది అవుతుంది కదా. మధ్యలో ఒకచోట దిగి, రాత్రి పడుకుని వెళ్తే ఆమెకు ఎక్కువ సుఖం. డాక్టరు సరేనంటే ఒకసారి మూడు నెలలు తీసుకెళ్లడం బాగుంటుంది. అయితే మీరు ఆఫీసుకు వెళ్లాక ఆ పగళ్లు ఆమె ఒంటరిగా ఎలా గడుపుతారో కూడా ఆలోచించండి. మీ కోసం వచ్చి నాలుగు గోడల మధ్య కూర్చోవడం చాలామంది పెద్దవాళ్లకు కష్టమే.

మూడోది, నాకు మొగ్గు ఉన్నది. ముందు మూడు నెలలు మీరొక్కరే వెళ్తానని ఆఫీసులో అడగండి. మీవారూ పిల్లవాడూ అమ్మతోనే ఉంటారు. అమ్మ లేకుండా మీరు, మీరు లేకుండా అమ్మ, తమ్ముడి మీద పడే భారం, అన్నీ ఆ మూడు నెలల్లో తెలుస్తాయి. పిల్లవాడికి తల్లి దూరమవడం ఇందులో ఉన్న నష్టం, అది చిన్నదని నేననను. ఆఫీసువాళ్లు ఒప్పుకోకపోవచ్చు కూడా. కానీ మీ భయం నిజంగా దూరం గురించా, లేక వెళ్లాలనిపించినందుకే మీకు తప్పుగా అనిపిస్తోందా అన్నది రాత్రుళ్లు ఫోన్ చూస్తే తెలియదు, వెళ్లి ఉండి చూస్తేనే తెలుస్తుంది.

వద్దని చెప్పడం కూడా ఒక దారే. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. ఒక్కటే జాగ్రత్త. "అమ్మ కోసం మానుకున్నాను" అన్న మాట ఇంట్లో ఒక్కసారి కూడా రాకూడదు, కోపంలోనైనా సరే. ఆమె వెళ్లమనే చెబుతున్నారు. మీరు మానుకుంటే అది మీ నిర్ణయమే, బరువు ఆమె మీద పెట్టొద్దు. ఆ మాట ఎప్పటికైనా నోటికొస్తుందేమో అనిపిస్తే, వెళ్లడమే నయం.

ఆఫీసుకు ఇంకా మూడు వారాలు గడువుంది. అమ్మ అడిగిన ప్రశ్నకు మాత్రం అన్నాళ్లు ఆగకండి. ఈ రాత్రి మాత్ర ఇచ్చేటప్పుడు గ్లోబు, దారం తీసుకెళ్లి ఆమె మంచం మీద కూర్చోండి. దారం ఒక కొస ఆమె వేలి కింద పెట్టి, రెండో కొస మీరు లాగండి. పేరుకు పద్దెనిమిది గంటలు, ఫోన్ చేస్తే ఒక రోజులో, మహా అయితే ఒకటిన్నర రోజులో వస్తానని ఉన్నదున్నట్టు చెప్పండి. చెప్పి, ఆమె ఏమంటారో వినండి. ఇంతవరకూ "వెళ్లు" అన్నది ఎంత దూరమో తెలియకముందు అన్న మాట. తెలిశాక ఏమంటారో నాకూ రాయండి.